మానేటి ఇసుకలో మా రగ్బీ

ఆ రోజుల్లో మా వైపు నలుగురు మగవాళ్లు ఒకచోట నిలబడాలంటే దానికొక కారణం ఉండాలి. పెళ్లైనా కావాలి, చావైనా కావాలి, కనీసం బస్సు కోసమైనా నిలబడాలి. ఊరికే నిలబడ్డామంటే కుదరదు. జీపులో వచ్చినవాళ్లు అడుగుతారు, వాళ్లు పోయాక అడవిలోంచి కాలిబాటన వచ్చినవాళ్లు అడుగుతారు. ఇద్దరికీ ఒకే ముఖం పెట్టి ఒకే జవాబు చెప్పడం మా కరీంనగర్ జిల్లా వాళ్లకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. అలాంటి రోజుల్లో పదిహేను మంది పడుచువాళ్లను తెల్లారగట్ల ఏటి ఇసుకలోకి తోలుకుపోయి, తలలకు తలలు ఆనించి గుంపుగా వంచి, ఇక నెట్టండిరా అని ఈల ఊదిన మహానుభావుణ్ని నేను. నాకు మతి ఉండే చేశానా అని మీరు అడగవచ్చు. ఉండే చేశాను. కాకపోతే అప్పుడది ఇరవై మూడేళ్ల మతి.

నాది కోరుట్ల. వ్యాయామ విద్య కోర్సు పూర్తిచేసి సిరిసిల్లలో ఒక బడికి డ్రిల్లు సారుగా వచ్చాను. మెడలో ఈల, ఒంటిమీద తెల్ల ప్యాంటు (అది మా బావది, నడుము దగ్గర పిన్నీసు ఉండేది), బుర్ర నిండా సిద్ధాంతాలు. అన్నిటికంటే పెద్ద సిద్ధాంతం రగ్బీ గురించి. మా కోర్సు పుస్తకంలో ఆ ఆట మీద అరపేజీ ఉండేది, పరీక్షలో ఎన్నడూ రాదని మా సార్లు ఆ అరపేజీని వదిలేసేవారు. నేను మాత్రం జగిత్యాలలో మా మేనమామ ఇంట్లో ఒక ఆదివారం ఆ ఆటను టీవీలో చూశాను. ఎంతసేపు అంటారా? పది నిమిషాలు. నల్లబట్టల జట్టు ఒకటి, తెల్లబట్టల జట్టు ఒకటి. ఆ నల్లబట్టల వాళ్లది న్యూజిలాండు అనీ, వాళ్లను కొట్టేవాడు ప్రపంచంలో లేడనీ మామ చెప్పాడు. (టీవీయే నలుపు తెలుపుది. వాళ్ల బట్టలు ఎరుపో ఆకుపచ్చో అయినా అందులో నల్లగానే కనబడేవి. ఈ అనుమానం నాకు పదేళ్ల తర్వాత వచ్చింది.) ఆ నల్లబట్టల వాళ్లు బంతిని ఎప్పుడూ వెనక్కే విసురుతున్నారు, కానీ జట్టంతా ముందుకే పోతోంది. ఒకడు కింద పడేలోపు ఇద్దరు వచ్చి అందుకుంటున్నారు. చెదురుతున్నారు, మళ్లీ కలుస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే కరెంటు పోయింది. ఆ ఆటలో ఎవరు గెలిచారో నాకు ఈ రోజుకీ తెలియదు. అయినా ఆ దేశపు జట్టు ఎందుకు గెలుస్తుందో వివరిస్తూ ఆ వారంలోనే ఒక నోటుపుస్తకం సగం నింపాను.

ఆ విద్య నోటుపుస్తకంలోనే ఉండిపోయి ఉంటే అందరికీ క్షేమంగా ఉండేది. కానీ నాతో కోర్సు చదివిన బండోడు (మనిషి బక్కపలచన, పేరు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు) జగిత్యాలలో నాలాగే డ్రిల్లు సారుగా చేరాడు. వాడి దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చి నిజమైన రగ్బీ బంతి ఇచ్చిపోయాడట. కాలేజీ పిల్లలతో జట్టు కట్టాడట. ఎదురు ఆడటానికి జిల్లా మొత్తంలో ఎవరూ లేరట, వచ్చే నెల ఒక ఆదివారం సిరిసిల్ల జట్టును తెస్తే, గెలిచినవాళ్లను రాష్ట్రం జట్టు ఎంపికకు పంపుతారట. నేను ఆ కార్డును నాలుగుసార్లు చదివి, జట్టు సిద్ధంగా ఉంది అని జవాబు రాశాను. అప్పటికి జట్టులో నేనొక్కణ్నే ఉన్నాను.

సిరిసిల్లలో జట్టు అంటే కబడ్డీ జట్టే. మరమగ్గాల మీద పనిచేసే పడుచువాళ్లు పద్మశాలి వాడలో సాయంత్రం పూట ఆడుతుంటే గోడలెక్కి చూసేవారు. వాళ్లలో మొనగాడు కండె. మగ్గం నాడెలో పెట్టే నూలు చుట్టను కండె అంటారు కదా, మనిషి అంత సన్నం, అంత చురుకు. ఎదుటి జట్టులోకి కూత పెట్టుకుంటూ పోయి, ముగ్గుర్నీ నలుగుర్నీ తాకి, ఎవరికీ చిక్కకుండా తిరిగి వచ్చేవాడు. వాడు లేనిదే జట్టు కదలదని మిగతా పద్నాలుగు మందీ తేల్చి చెప్పారు. కానీ కండె సిరిసిల్ల పొలిమేర దాటడానికి వీల్లేదు. కారణం వాడి తల్లి.

ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతుండగా నేను పోయి అడిగాను. రాష్ట్రం ఎంపిక గురించి, ఆ ఆట ఉన్న దేశాల గురించి చాలాసేపు చెప్పాను. ఆమె చేతిలో ఆకు మడుస్తూనే అంతా విన్నది. కండెకు ఒక అన్న ఉండేవాడనీ, ఎల్లంతకుంటలో పని ఉందని పొద్దున పోయినవాడు మళ్లీ రాలేదనీ, ఎక్కడికి పోయాడో వాడకట్టంతటికీ తెలుసనీ, ఎవరూ పైకి అనరనీ నాకు అప్పటికే తెలుసు. ఆమె కూడా అనలేదు.

"పెద్దోడు గిట్లనే మాపటికి వస్తనని పోయిండు సారూ. మూడేండ్లాయె," అన్నది. "నాకు ఆటలు తెల్వయి. దీపాలు పెట్టే యాల్లకు గీన్ని తెచ్చి నా గడపల నిలవెడ్తవా? నిలవెడ్తనంటేనే తీస్కపో."

నిలబెడతానన్నాను. మాట ఇవ్వడం ఎంత తేలికో ఆ వయసులో తెలిసినంత బాగా మళ్లీ ఎప్పుడూ తెలియదు.

సాధన మానేటి ఇసుకలో పెట్టాను, పడినా దెబ్బ తగలదని. బంతి లేదు కాబట్టి పీచు తీయని కొబ్బరికాయ వాడాం. ఆకారం సరిపోయింది, బరువే కాస్త ఎక్కువ. (మొదటి రోజు ముక్కుకు తగిలిన కుర్రాడు రెండు రోజులు పనికి పోలేదు.) ముందుకు పోతూ వెనక్కి ఇవ్వడం వాళ్లకు ఎంతకీ ఎక్కలేదు. బట్ట నేసేటప్పుడు నాడె ఎటు పోతే పోగు అటే పోతుంది గద సారూ, వెనక్కి ఇసిరితే ముందుకు ఎట్ల నేస్తం అని ఒకడు అడిగాడు. నోటుపుస్తకం తీసి చదివి వినిపించాను. విన్నంతసేపు తలలు ఊపి మళ్లీ ముందుకే విసిరారు. ఆటకు ముందు న్యూజిలాండు వాళ్లు ఎదుటివాళ్లను బెదిరిస్తూ ఒక చిందు వేస్తారని మామ చెప్పిన సంగతి చెప్పాను. అది మాత్రం వెంటనే అర్థమైంది. పీర్ల పండుగలో గుండం చుట్టూ వేసే అడుగులు వేసి, అస్సోయ్ దూలా అని ఏరు ఏరంతా దద్దరిల్లేలా అరిచారు.

ఆ అరుపే జీపును పిలిచింది. గుంపు అప్పటికి తలలు ఆనించి వంగి ఉంది, వాళ్లకేమీ కనబడదు. ఎస్సై గారూ, వెనక ముగ్గురు పోలీసులూ తుపాకులతో ఇసుకలోకి దిగడం నేనొక్కణ్నే చూశాను. భయానికి నోట్లో ఉన్న ఈల దానంతటదే మోగింది. ఈల మోగితే నెట్టాలని నేర్పింది నేనే. నెట్టారు. పదిహేను మందీ ఒక మూటలా దొర్లుకుంటూ పోయి ఎస్సై గారి బూట్ల దగ్గర ఆగారు. కొబ్బరికాయ ఇంకో రెండు గజాలు పోయి ఒక పోలీసు కాళ్ల మధ్య ఆగింది. ఆయన కదలకుండా కళ్లు మూసుకున్నాడు.

ఎస్సై గారు కాయను చేతికి తీసుకుని చెవి దగ్గర ఆడించి చూశారు. నీళ్ల చప్పుడైంది. ఇదేంటని అడిగారు. కొబ్బరికాయ సార్ అన్నాను. కొబ్బరికాయ అని నాకూ తెలుసు, ఇక్కడెందుకుందని అడిగారు. నేను నోటుపుస్తకం చేతికిచ్చాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటిలో దానికే పెద్దపీట. ఆయన పైకే చదివారు. వెనక్కి తగ్గినట్టు కనబడుతూ ముందుకు పోవాలి. ఒకడు పడితే వెంటనే ఇద్దరు అందుకోవాలి. చెదరాలి, మళ్లీ కలవాలి. బరువు మోసేవాణ్ని ఎప్పుడూ ఒంటరిగా వదలకూడదు. ఎదుటివాడు ఎటు చూస్తున్నాడో అటు పోకూడదు. చదువుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది, నా కాళ్ల కింద ఇసుక లోతుకు పోతూ వచ్చింది. ఆ మాటలు అడవి పాఠాల్లా ఉన్నాయని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

"ఇది ఏ దేశం వాళ్ల పద్ధతి?" అని అడిగారు చివరికి.

న్యూజిలాండు అన్నాను. (చైనా అని ఉంటే ఈ జ్ఞాపకం రాయడానికి నేను ఉండేవాణ్ని కాదేమో.) అది ఎక్కడుందన్నారు. సముద్రం మధ్యలో, గొర్రెలు ఎక్కువ అన్నాను. గొర్రెలనేసరికి ఆయన ముఖంలో బిగువు కాస్త సడలింది. అయితే ఈ ఆట నా ముందర ఆడి చూపించమన్నారు. మా వాళ్లు వణుకుతూ ఆడలేకపోతుంటే విసుగొచ్చి తన ముగ్గురు పోలీసుల్నీ ఎదురు నిలబెట్టారు. పావుగంట తర్వాత ఆ ముగ్గురిలో ఒకాయన టోపీ లేకుండా ఇసుకలో బోర్లా పడి కొబ్బరికాయను రొమ్ముకు హత్తుకుని ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. ఎస్సై గారు నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి నిలబడ్డారు.

తర్వాత అందరి పేర్లూ రాసుకున్నారు. కండె దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఫలానా వాడి తమ్ముడివి కదా అన్నారు. కండె తల ఊపాడు. ఎస్సై గారు నన్ను పక్కకు పిలిచి, జగిత్యాల పోండి గానీ ఆదివారం సాయంత్రం ఆరింటికి పదిహేను ముఖాలూ నా ముందు కనబడాలి, పద్నాలుగు వస్తే పదిహేనోవాడివి నువ్వే అవుతావు అన్నారు. ఆ విధంగా వాడి తల్లికీ ప్రభుత్వానికీ కలిపి ఒకే మనిషిని ఒకే పొద్దుకు తిరిగి అప్పజెప్పే పూచీ నాది అయింది.

జగిత్యాల మైదానంలో అసలు బంతిని చూసి మా వాళ్లు జడుసుకున్నారు. కొబ్బరికాయ కింద పడితే పడినచోటే ఉంటుంది. ఇది ఎగిరి ఎటు పోతుందో దానికే తెలియదు. అయినా మొదటి పది నిమిషాలు జగిత్యాల కాలేజీ పిల్లలు మా దగ్గరికి రావడానికే భయపడ్డారు. కబడ్డీలో చీలమండ పట్టు పట్టే వాళ్లకు పరిగెత్తేవాణ్ని పడగొట్టడం ఒక లెక్కా? చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసు కట్టి, వచ్చినవాణ్ని వచ్చినట్టు చుట్టేశారు. నేను గట్టు మీద నిలబడి, చూశావా సిద్ధాంతం అన్నట్టు బండోడి వైపు చూశాను. వాడే రెఫరీ. వాడు నన్ను చూడటం లేదు. గీత బయట వరసగా బాసింపట్లు వేసుకుని కూర్చున్న మా వాళ్లను చూస్తున్నాడు.

ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఎందుకు కూర్చున్నారురా అని పరిగెత్తుకుపోయి అడిగితే, ఔటైనం సారూ అన్నారు. ఎదుటివాడు తాకిపోయాడట. తాకి తప్పించుకుపోతే కబడ్డీలో ఔటే కదా, మర్యాదగా వచ్చి కూర్చున్నారు. ఈ ఆటలో ఔట్లు లేవురా అని మొత్తుకున్నాను. మరి గా ముచ్చట పుస్తకంల లేకపాయె అన్నారు. నిజమే, లేదు. పదిహేను మందిని రెండుగా చీలిస్తే సిద్ధాంతం పలచబడుతుందని నేను వాళ్లలో వాళ్లకు ఒక్కసారి కూడా ఆట పెట్టలేదు. ఉన్న తొమ్మిది మందిలో బంతి పట్టినవాడు కబడ్డీ కబడ్డీ అని కూత పెడుతూ పరిగెత్తేవాడు. ఊపిరి ఆడకపోతే బంతిని మెల్లగా కింద పెట్టి, ఎదుటివాడికి దారి ఇచ్చి తప్పుకునేవాడు. ఇంత ధర్మంగా రగ్బీ ఆడిన జట్టు ఇంకోటి ఉండదు.

అయినా ఓడిపోలేదు, అప్పటికింకా. మా పొట్టి కుర్రాడొకడు కాలు జారి గీత అవతల సరిగ్గా బంతి మీద పడ్డాడు, అది మా లెక్కలోకి వచ్చింది. ఆట ముగియడానికి రెండు నిమిషాలుండగా ఇంకొక్కసారి గీత దాటి బంతి నేలకు ఆనిస్తే మేమే గెలిచేవాళ్లం. అప్పుడు బంతి కండె చేతికొచ్చింది.

వాడు పరిగెత్తిన తీరు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒకణ్ని కుడికి వదిలాడు, ఒకణ్ని ఎడమకు వదిలాడు, ఇద్దర్ని ఒకరికొకరు తగిలి పడేలా చేశాడు. వెనక్కి ఇవ్వడమూ లేదు, సిద్ధాంతమూ లేదు. నేను నోటుపుస్తకం పారేసి గట్టు వెంట వాడితో పాటు పరిగెత్తాను. గీత దగ్గరికి వచ్చాడు, దాటాడు. పెట్టరా, కింద పెట్టరా అని అరిచాను. వాడు కుడికాలితో గీత అవతల నేలను గట్టిగా తాకి, బంతిని చంకలో ఇరికించుకుని, గిర్రున వెనక్కి తిరిగాడు. ఇందాక ఎవర్నయితే తప్పించుకుపోయాడో వాళ్లందర్నీ మళ్లీ తప్పించుకుంటూ, కూత విడవకుండా, మైదానమంతా తిరిగి దాటి మా వైపుకు వచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. మా వాళ్లు వాణ్ని భుజాల మీదికి ఎత్తారు. బయట కూర్చున్న ఆరుగురూ కబడ్డీ లెక్కన మళ్లీ బతికామని లేచి లోపలికి పరిగెత్తుకొచ్చారు. జగిత్యాల వాళ్లు కూడా ఏమీ అర్థంకాక చప్పట్లు కొట్టారు. బండోడు చాలాసేపటికి ఈల ఊది, మేం ఓడిపోయామని చెప్పాడు.

నేను కండెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. గీత దాటినవాడివి ఎందుకు తిరిగొచ్చావురా అని అడిగాను. వాడు నా వంక నిజంగా అర్థంకాని చూపు చూశాడు.

"పోయినోడు తిరిగి రాకపోతే ఎట్ల గెలుస్తం సారూ?"

అందర్నీ బస్సెక్కించాను. కోరుట్లలో బస్సు మారి రుద్రంగి మీదుగా సిరిసిల్లకు పోవాలి. చిరిగిన చొక్కాలతో, మట్టి ముఖాలతో ఉన్న మమ్మల్ని చూసి ఎక్కడ దొమ్మీ జరిగిందని కండక్టరు అడిగాడు. రుద్రంగిలో ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. అందరూ దిగి చాయ్ తాగారు. మళ్లీ ఎక్కాక తలలు లెక్కబెడితే పద్నాలుగు వచ్చాయి. మళ్లీ లెక్కబెట్టాను. కండె లేడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. రోడ్డుకు ఆ పక్క గుట్టలూ చెట్లూ. వాడి అన్న కూడా ఇలాగే మామూలుగా బస్సు దిగే పోయి ఉంటాడు కదా అనిపించింది. ఇందాక నేను నలుగురిలో తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ తల్లి ముఖం గుర్తొచ్చింది, ఎస్సై గారి ముఖం ఆ తర్వాత గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక నడిరోడ్డు మీద నిలబడి ఈల ఊదాను, ఊపిరి ఉన్నంతసేపు ఊదాను. చాయ్ హోటలు ఖాళీ అయింది. ఒక ముసలాయన చేతులు పైకెత్తి నిలబడ్డాడు. నాలుగు గేదెలు తలొక దిక్కు పోయాయి. అప్పుడు గుట్ట పక్క నుంచి కండె వచ్చాడు, రెండు చేతులా నీళ్ల బొక్కెన మోసుకుంటూ, వెనకాల డ్రైవరుతో. ఇంజనుకు నీళ్లు కావాలంటే బావి దాకా పోయాడట. ఏమైంది సారూ గట్ల ఊదుతున్నరు అని అడిగాడు. నేను వాడి చొక్కా పట్టుకుని సీట్లో కూర్చోబెట్టి, సిరిసిల్ల దాకా ఆ చొక్కా వదల్లేదు. కళ్లలో దుమ్ము పడిందని అందరికీ చెప్పాను.

పోలీసు స్టేషనుకు చేరేసరికి ఆరు దాటిపోయింది. ఎస్సై గారు గడియారం చూశారు, పదిహేను లెక్కబెట్టారు, గెలిచారా అన్నారు. ఎలా ఓడామో చెప్పాను. మొదట నవ్వారు, తర్వాత ఎందుకో నవ్వడం ఆపి ఇళ్లకు పొమ్మన్నారు.

కండె ఇంటికి జట్టు మొత్తం వచ్చింది. దీపం అప్పటికే వెలిగింది, తల్లి గడపలోనే నిలబడి ఉంది. వాడి చెయ్యి పట్టి లోపలికి లాక్కుని, చాయ్ పెడతాను ఉండమన్నది. మా వాళ్లు వాకిట్లో కూర్చుని ఆట అంతా చెప్పి, కండె గీత తొక్కి తిరిగొచ్చిన ముచ్చట దగ్గర పడీ పడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. వీడు చేసిన తప్పేందని నన్ను అడిగింది. గీత అవతలే బంతితో పాటు పడి ఉండాలమ్మా, తిరిగి రాకూడదు, అప్పుడే గెలుపు అని నేను పంతుల్లాగా వివరించాను.

ఆమె కప్పు నా చేతికిస్తూ, "పోయి ఆడ్నే పడివుండుడు ఓ గెలుపా సారూ," అన్నది. వాకిలి వైపు చూస్తూ, "పెద్దోనికి సుత గిట్ల తిరిగొచ్చుడు నువ్వే నేర్పుంటే మంచిగుండు" అన్నది.

చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లం పోయాం. పెద్దవాడు రాలేదు, ఆమె ఉన్నన్నాళ్లూ రాలేదు. కండె మాత్రం మగ్గాల మీదే ఉండిపోయి, పెళ్లి చేసుకుని, ఇప్పుడు మనవణ్ని సైకిలు మీద బడికి దింపుతున్నాడు. రాష్ట్రం ఎంపిక అన్నది ఏమైందో బండోడికి కూడా గుర్తులేదు.

నేను పింఛను తీసుకుంటున్నాను. ఇప్పుడు టీవీలో రంగులున్నాయి, కరెంటు పోదు, రగ్బీ ఆటలు మొదటినుంచి చివరిదాకా వస్తాయి. ఆ నల్లబట్టల జట్టు ఎందుకు గెలుస్తుందో పెద్ద పెద్దవాళ్లు గీతలు గీసి వివరిస్తారు, ముప్పాతిక వంతు నేను ఆనాడు రాసుకున్నదే. కాళ్లు చాపుకుని గొప్పగా వింటాను. కానీ ఎవడైనా గీత దాటి బంతితో పాటు బోర్లా పడి, జనమంతా గెలిచాం గెలిచాం అని లేచి అరుస్తుంటే, ఈ సిద్ధాంతాల సారు మాత్రం ముసలి మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి, ఇంకా చాలదన్నట్టు, లే బిడ్డా, లేచి ఇటు రా అని గొణుగుతుంటాడు.